వంటగదిలో అయిదుగురు

బియ్యం డబ్బా మీద రికార్డు పుస్తకం పెట్టింది పెట్టినట్టే ఉంది. రెండు రోజులైంది. ఆదెమ్మకు బియ్యం కావలసి వచ్చినప్పుడల్లా దాన్ని రెండు వేళ్ళతో, చచ్చిన ఎలుకను తోక పట్టి తీసినట్టు తీసి, గిన్నె నింపుకుని, మళ్ళీ అక్కడే పెడుతోంది.

అట్ట మీద కొడుకు శివ పేరు. లోపల కోడలు వనజ రాత. నలభై పాఠాలకు లెసన్ ప్లాన్లు రాయాలి. ముప్పై రాసి వనజ కలానికి మూత పెట్టేసింది. మిగతా పది రాసేది లేదని ఒక్కసారే చెప్పింది, అదీ పొయ్యి వైపు తిరిగి చెప్పింది. ఆ తర్వాత శివ అరిచిన అరుపులకు గానీ, మామ జంపయ్య చెప్పిన బుద్ధులకు గానీ ఆ అమ్మాయి మారు పలకలేదు.

మొగుడూ పెళ్ళాం ఇద్దరూ ఒకే కాలేజీలో పంతుళ్ళ శిక్షణ పొందుతున్నారు. ఇద్దరికీ సొంత ఊరి బడిలోనే పాఠాలు చెప్పే పని పడింది. ఇద్దరికీ ఒకే రోజు ఆఖరి పాఠం పరీక్ష జరిగింది. యాభైకి శివకు నలభై ఏడు వచ్చాయి. వనజకు పంతొమ్మిది. ఇరవై అయిదు వస్తేనే గట్టెక్కేది.

శివ మార్కుల కాగితం మీద ఎగ్జామినర్ సారు 'మంచి వ్యక్తిత్వం' అని రాసి, కింద గీత కూడా గీశాడు. వనజ కాగితం మీద 'గొంతు లేదు, వ్యక్తిత్వం చాలదు' అని రాశాడు. దాని కింద గీత లేదు. ఆ మాత్రం దయ చూపించాడు మహానుభావుడు.

వనజకు కాలేజీ వాళ్ళు ఇంకొక్క పాఠం ఇచ్చారు. రేపు శుక్రవారం, అదే బడిలో, అదే సారు ముందు. అది కూడా తప్పితే ఏడాది పోయినట్టే, టీచరు ఉద్యోగానికి టెట్ రాసే దారి మూసుకున్నట్టే. ఎల్లుండి శనివారం శివ తన రికార్డు కాలేజీలో ఇవ్వాలి. ఇవ్వకపోతే ఆ నలభై ఏడు ఎందుకూ పనికిరావు.

అందుకే గురువారం పొద్దున, జావ గిన్నెల ముందు నలుగురూ కూర్చున్నప్పుడు, శివ గొంతు మార్చాడు. రెండు రోజులు ఇల్లు ఎగిరిపోయేట్టు అరిచిన మనిషి ఆ పూట తేనె పూసి మాట్లాడాడు.

"నా పది నువ్వు రాయి. రేపు నీ పాఠం నేను గట్టెక్కిస్త. సారు నాతోని ఫోన్‌ల మంచిగనే మాట్లాడుతుండు. పిల్లల్ని గూడ నేనే తయారు జేస్త. నువ్వు ఊరికె నిలబడి అడిగితే చాలు."

వనజ గిన్నెలోకి చూస్తూ అడిగింది. "ఎట్ల తయారు జేస్తవ్?"

"నాకు చేసుకున్నట్టే."

ఆదెమ్మ గిన్నె కింద పెట్టింది.

"గట్లైతే నాకు వద్దు" అంది వనజ.

జంపయ్యకు ఇలాంటి చోట కథ చెప్పకపోతే తోచదు. వ్యక్తిత్వమంటే గొంతేనని, అది తమ వంశంలో తాతల నాటి నుంచీ ఉందని మొదలుపెట్టాడు. వాళ్ళ తాత వెదురు నరకడానికి అడవికి పోతే, వాగు మలుపులో పులి ఎదురైందట. చేతిలో కొడవలి కూడా లేదట. తాత అదరలేదు, బెదరలేదు. ఫారెస్టు గార్డు గొంతు పెట్టి, "ఏ ఊరు నీది? అడవిల తిరుగుతున్నవ్, కాయితమున్నదా?" అని గద్దించాడట. పులి తోక ముడుచుకుని కాయితం తెచ్చుకోవడానికి పోయింది. ఈ రోజుకీ తిరిగి రాలేదు.

"గందుకే ఈ దిక్కు పులులు లేవు" అని ముగించాడు జంపయ్య. "గా గొంతే నా కొడుక్కు వచ్చింది. వీడు పుట్టినప్పుడు ఏడిస్తే కిన్నెరసాని వాగు అవతల మేసే మేకలు మేత ఇడిసిపెట్టినయ్."

మామూలు రోజైతే వనజ కొంగు చాటున నవ్వేది. ఆ పూట నవ్వలేదు.

"గొంతుకు పులి పారిపోతే మంచిదే మామా" అంది. "నా ముందట కూసునేది పిల్లలు."

జంపయ్య మీసం దువ్వుకుని జావలోకి దిగిపోయాడు.

శివ మాత్రం ఊరుకోలేదు. కాలేజీలో మనస్తత్వ శాస్త్రం చెప్పే మేడం ఏం చెప్పిందో పూస గుచ్చినట్టు అప్పజెప్పాడు. నిలబడే తీరు, చూసే తీరు, బట్టలు, ధైర్యం, ఇవన్నీ కలిస్తే పంతులు అవుతాడట. తెలివి తర్వాత సంగతట. ఆ మేడం ఇంకా ఏమైనా చెప్పిందో, వాడు అంతవరకే విన్నాడో ఎవరికి ఎరుక. "కొందరికి పుట్టుకతోని వస్తదే. నీకు రాలే. దానికి నేనేం జెయ్యాలె?" అని, తల్లి వైపు తిరిగాడు.

"చెప్పవేందే అమ్మా. నువ్వు గక్కడనే ఉంటివి గద. నా పాఠం ఎట్లున్నది?"

ఆదెమ్మ బడిలో మధ్యాహ్నం అన్నం వండుతుంది. పదకొండేళ్ళ నుంచి అదే పని.

"పప్పు పొయ్యి మీద ఉండె బిడ్డా" అంది. "నేను చూడలే."

వనజ అప్పుడు తల ఎత్తింది. అత్త ముఖంలోకి చూసింది. కోపంగా చూసి ఉంటే ఆదెమ్మ తట్టుకునేది. పాఠం రాని పిల్ల వైపు చూసినట్టు చూసింది, ఓపిగ్గా, ఇంకా చెబుతుందేమోనని. తర్వాత గిన్నె కడిగి, కాలేజీలో పరీక్ష కాగితం తీసుకోవాలని పాల్వంచ బస్సుకు వెళ్ళిపోయింది.

ఆదెమ్మ చెప్పింది అబద్ధం. ఆ పరీక్ష రోజు అన్నీ చూసింది.

బడి వంటగదికీ తరగతి గదికీ నడుమ ఒకటే గోడ. ఆ గోడకు ఒక కిటికీ. పప్పు రుబ్బుతూ, బియ్యం ఏరుతూ ఆదెమ్మ ఆ కిటికీలోంచి చూసిన పంతుళ్ళు ఎందరో. ఎవరు గదిలోకి వస్తే పిల్లలు ముందుకు జరుగుతారో, ఎవరు వస్తే కాళ్ళు దగ్గరికి ముడుచుకుంటారో ఆమెకు తెలుసు. ఆమె ఎన్నడూ ఆ గది గడప దాటి లోపలికి పోలేదు. తన చోటు కిటికీకి ఇవతల అనుకునేది.

శివ తన పాఠానికి ఏడు ప్రశ్నలు ఏరుకున్నాడు, ఏడుగురు పిల్లలను ఏరుకున్నాడు. తలా ఒక జవాబు పంచాడు. మొదటివాడు 'పులి' అనాలి. రెండో పిల్ల 'గడ్డి' అనాలి. మూడోవాడు 'నీళ్ళల్ల' అనాలి. ప్రశ్నతో వాళ్ళకు పని లేదు. ముందువాడు చెప్పి కూర్చోగానే వెనకవాడు లేవాలి, తన మాట చెప్పాలి, కూర్చోవాలి. వారం రోజులు అదే చదువు.

నోరు పెగలని పిల్లలు అయిదుగురు మిగిలారు. వాళ్ళలో తండా నుంచి వచ్చే కమ్లి ఒకతె. ఆ పిల్ల బడిలో చేరి రెండేళ్ళయినా ఒక్క మాట మాట్లాడలేదు. పరీక్ష పూట ఆ అయిదుగురినీ శివ వంటగదిలోకి తోలుకొచ్చి, బియ్యం బస్తాల వెనక కూర్చోబెట్టాడు. "చప్పుడు చేయకుండ తలా ఒక గుడ్డియ్యి" అని తల్లికి చెప్పి పోయాడు. ఆదెమ్మ ఇచ్చింది. పిల్లలు గుడ్లు తిన్నారు, ఊపిరి బిగబట్టి. తమను ఎందుకు దాచారో వాళ్ళు అడగలేదు. తమలో దాచిపెట్టాల్సింది ఏదో ఉందని మాత్రం తెలిసినట్టు కూర్చున్నారు.

గదిలో శివ టై కట్టుకుని నిలబడ్డాడు. గొంతు సవరించుకుంటే గోడ మీది బల్లి జారి కిందపడింది. మన జాతీయ జంతువు ఏది అన్నాడు, పులి అన్నారు. ఆవు ఏం తింటుంది అన్నాడు, గడ్డి అన్నారు. అప్పుడు ఎగ్జామినర్ సారు తల ఎత్తి ఒక చిరునవ్వు నవ్వాడు. ఆ నవ్వుకు మనవాడు ఉబ్బిపోయి, చేప ఎక్కడ ఉంటుందని అడగాల్సిన మూడో ప్రశ్న మరిచి, నాలుగోదానికి దూకాడు.

"మనకు పాలు ఇచ్చేది ఏది?"

వంతు ప్రకారం మూడోవాడు లేచాడు. "నీళ్ళల్ల సార్."

"గుడ్. గుడ్డు పెట్టేది ఏది?"

"బర్రె సార్."

"వెరీ గుడ్. ఇంటికి కాపలా కాసేది?"

"కోడి సార్."

"మనకు చదువు చెప్పేది ఎవరు?"

"కుక్క సార్."

ఏడో పిల్ల దగ్గర ఇంకా ఒక జవాబు మిగిలిపోయింది. ఎవరూ అడగకుండానే లేచి, 'సారు' అని చెప్పి, బరువు దించుకున్నట్టు కూర్చుంది.

ఎగ్జామినర్ సారు సెల్‌ఫోన్ చూసుకుంటూ ప్రతిదానికీ తల ఊపాడు. ఆయన చెవుల్లో శివ గొంతు ఒక్కటే పడుతోంది. పిల్లలు ఎంత చురుకుగా ఉన్నారో అని మెచ్చుకున్నాడు కూడా.

ఆదెమ్మకు మొదట నవ్వొచ్చింది. కొంగు నోట్లో కుక్కుకుంది. తర్వాత కొడుకు ముఖం చూసింది, నవ్వు ఎక్కడిదక్కడ చచ్చిపోయింది. లెక్క తప్పిందని శివకు తెలిసింది. రెండో తప్పు జవాబుకే తెలిసింది, వాడి చెవులు ఎర్రబడ్డాయి. తెలిసి కూడా గుడ్ అన్నాడు, వెరీ గుడ్ అన్నాడు, పిల్లలను చప్పట్లు కొట్టమన్నాడు. బర్రె గుడ్డు పెడుతుందని చెప్పిన పిల్ల మెరిసే కళ్ళతో కూర్చుంది, నిజమే చెప్పానని. ఆ పిల్లకు వెరీ గుడ్ చెప్పింది ఆదెమ్మ పాలిచ్చి పెంచిన నోరు.

అదయ్యాక వనజ వంతు. వనజ వచ్చి చేసిన మొదటి పని, వంటగదిలోని అయిదుగురినీ చేయి పట్టుకుని గదిలోకి తీసుకుపోవడం. మీ ఇంట్లో ఏమేం జంతువులున్నాయని పిల్లలను అడిగింది. కొందరు చెప్పారు. కమ్లి దగ్గరికి వచ్చేసరికి కింద కూర్చుని తెలుగులో ఒకసారి, ఆ పిల్ల ఇంటి భాషలో ఒకసారి అడిగి, ఊరుకుంది. ఊరుకోవడమంటే మామూలుగా కాదు. ఆదెమ్మ ఎసరు పెట్టింది, ఎసరు కాగింది, బియ్యం పోసింది, వనజ ఇంకా అట్లాగే కూర్చుని ఉంది.

ఎగ్జామినర్ సారు ఆవలించాడు. గడియారం చూశాడు. కాగితం మీద ఏదో గీకి, ఫోన్‌కు సిగ్నల్ కోసం బయట జెండా దిమ్మె దగ్గరికి పోయాడు.

ఆయన గడప దాటాక కమ్లి "మేక" అంది.

"ఎన్ని?" అంది వనజ, ఏమీ కానట్టు.

"నాలుగు."

రెండేళ్ళ మౌనం అట్లా తెగింది. ఆ మాటలు కిటికీ ఇవతల ఒక్క మనిషికి వినబడ్డాయి. ఆ రోజు అన్నం అడుగంటింది.

గురువారం మధ్యాహ్నం వనజ పాల్వంచలో ఉండగా శివ బడికి వచ్చాడు. హెడ్‌మాస్టరు మండలం మీటింగుకు పోయి ఉన్నాడు. శివ ఆ ఏడుగురినీ వరస కట్టించి, పాత జవాబులు మళ్ళీ తోమాడు. పులి, గడ్డి, నీళ్ళల్ల, బర్రె, కోడి, కుక్క, సారు. ఆదెమ్మ గిన్నెలు కడుగుతూ విన్నది. గంటసేపు అదే పాట. మసి గిన్నె తెల్లబడ్డా ఆమె తోముతూనే ఉంది.

పోయేముందు శివ కిటికీ దగ్గరికి వచ్చాడు. వాడు పూసుకున్న సెంటు వాసన పప్పు వాసనలో కలిస్తే ఆదెమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది.

"రేపు ఆ అయిదుగురిని మళ్ళ నీ దగ్గర కూసోబెట్టుకో" అన్నాడు.

"వనజ వద్దన్నది గదరా."

"వద్దంటే ఇడిసిపెడ్తమా? ఆమె ఏమడిగినా పోరగాండ్లు టకటక లేస్తే చాలు, సారు ఎట్లగూ వినడు. నీ కోడలే గదనే. పాసైతే మనసు మారుతది, నా పది రాసిస్తది. దీనిల ఎవరికి నష్టం?"

ఆదెమ్మ మళ్ళీ గిన్నె తోమసాగింది. శివ దాన్ని అవునని తీసుకుని, ఈల వేసుకుంటూ బండెక్కాడు. ఇంటికి పోయాక కూడా ఆమె కోడలికి చెప్పలేదు. చెబుదామని రెండుసార్లు నోరు తెరిచింది. ఒకసారి జంపయ్య తుమ్మాడు. రెండోసారి తుమ్మడానికి కూడా ఎవరూ లేరు, అయినా చెప్పలేదు.

శుక్రవారం ఎగ్జామినర్ సారు పదిన్నరకు దిగాడు. నాటుకోడి కూర అయిందా అని అడిగాడు, తర్వాత పరీక్ష ఎవరికి అని అడిగాడు. ఆయనకు అడవి దారి అంటే గుండె దడ. వచ్చిన ప్రతిసారీ ఈ పక్కకు ఎలుగుబంట్లు గట్రా వస్తాయా అని విచారిస్తాడు. జంపయ్య బడి గేటు దగ్గర కాచుకుని ఉండి, ఎలుగుబంట్లు ఎంత మర్యాదస్తులో చెప్పి ఆయన్ని ఇంకా భయపెట్టాడు.

ఆదెమ్మ కోడి కూరలో కారం వేసింది. వేసిందో లేదో మరిచి మళ్ళీ వేసింది. శివ చెప్పినట్టే బస్తాల వెనక అయిదుగురు ఉన్నారు. నలుగురు గుడ్లు తిన్నారు. కమ్లి తినలేదు. గుడ్డును పిడికిట్లో పట్టుకుని, కిటికీ వైపు చూస్తూ కూర్చుంది. అవతలి నుంచి వనజ గొంతు వినబడినప్పుడల్లా ఆ పిల్ల తల ఆ వైపు తిరుగుతోంది.

వనజ గదిలోకి రాగానే తలలు లెక్కపెట్టింది. "కమ్లి ఏది?" అంది.

"రాలే టీచర్" అన్నారు పిల్లలు, అందరూ ఒక్కసారే, ఒక్క గొంతుతో.

వనజ చేతిలో సుద్దముక్క ఆగింది. కిటికీ వైపు చూసింది. ఆదెమ్మ కళ్ళు దించుకుని గరిటె తిప్పింది. ఎందుకూ తిప్పాల్సిన పని లేకపోయినా తిప్పింది.

"మొదలుపెట్టమ్మా" అన్నాడు సారు, కుర్చీలో సర్దుకుంటూ.

వనజ బోర్డు మీద ఏమీ రాయలేదు. పిల్లల మధ్యకు వచ్చి నిలబడింది. తన మామూలు గొంతుతోనే, "పొద్దున బడికి వచ్చేటప్పుడు మీకు దారిల ఏం కనబడ్డది?" అని అడిగింది.

ముందు బల్ల మీది పిల్లవాడు గోపాలు చటుక్కున లేచాడు.

"పులి టీచర్."

ఎగ్జామినర్ సారు కుర్చీలోంచి ఎంత వేగంగా లేచాడంటే ఆయన లేచాడు, కుర్చీ ఆయన్ని వదల్లేదు. తలుపు గొళ్ళెం మీద చేయి పడింది. "ఎక్కడ? ఏ దారిలో?" అన్నాడు.

గోపాలు తన పని అయిపోయింది కనుక కూర్చున్నాడు. వెనక పిల్ల లేచి "గడ్డి" అంది. సారు అది తన ప్రశ్నకు జవాబనుకుని, "గడ్డిలో ఉందా?" అన్నాడు. మూడోవాడు "నీళ్ళల్ల" అన్నాడు. సారు గొళ్ళెం వదిలాడు. నాలుగోది బర్రె. అయిదోది కోడి. ఆపేవాళ్ళు లేక వరస వరసంతా లేచి, చెప్పి, కూర్చుంది. కుక్క అయింది. సారు అయింది.

భయపడ్డ మనిషికి ముందు సిగ్గు, ఆ వెంటనే కోపం వస్తాయి. ఎగ్జామినర్ సారు కుర్చీ ఊడదీసుకుని కింద పెట్టి, వనజ ముందుకు వచ్చాడు. ఇది కాపీ కంటే హీనమన్నాడు. ఈ జవాబులు పిల్లలకు ఎవరు నేర్పారో చెప్పమన్నాడు.

వనజ తీరే అంత, పెద్దవాళ్ళు గద్దిస్తే గొంతు లోపలికి పోతుంది. పైగా చెబితే మొగుడి నలభై ఏడు పోతాయి. చెప్పకపోతే తన బతుకు పోతుంది. ఆమె గోపాలు తల మీద చేయి పెట్టి నిలబడింది, వాడు ఏడవబోతున్నాడని.

గుమ్మంలో నీడ పడింది. శివ. ఇస్త్రీ చొక్కా, నిగనిగలాడే బూట్లు. పరీక్ష ఎట్లా జరుగుతుందో చూద్దామని వచ్చి ఉంటాడు.

"నేను వద్దన్న సార్" అన్నాడు. ఆ గొంతు గంట కొట్టినట్టు ఖంగుమంది. "గిట్ల అడ్డదారి పట్టకే అని వంద సార్లు చెప్పిన. వినలే. ఆమెకు నమ్మకం తక్కువ సార్, భయమెక్కువ. వదిలేయుండ్రి."

సారు తల ఊపాడు. ఆ గొంతుకు ఆయన తల దానంతటదే ఊగుతుంది కాబోలు.

వనజ మొగుడి వైపు చూసింది. ఒక్క క్షణం. అంతకంటే ఎక్కువ సేపు చూడటం చేతకానట్టు ముఖం తిప్పుకుంది.

కిటికీ ఇవతల ఆదెమ్మ గరిటె వదిలేసింది. గరిటెకు అంటిన కోడి కూర వాసన, కొడుకు సెంటు వాసన, తన చేతులకు అంటిన గుడ్ల నీచు వాసన, అన్నీ ఒకటే వాసనగా తోచాయి. చేతులు కొంగుకు తుడుచుకుంది. పోలేదు. మళ్ళీ తుడుచుకుంది.

కమ్లి చేయి పట్టుకుంది. వరండా వైపు నుంచి చుట్టి వచ్చి, పదకొండేళ్ళలో మొదటిసారి ఆ గది గడప దాటింది.

"ఎవరమ్మా నువ్వు?" అన్నాడు సారు.

"వంట చేసేదాన్ని సార్. గా నిలబడ్డోని తల్లిని."

"అమ్మా, నువ్వు పో" అన్నాడు శివ.

ఆదెమ్మ వాడి వైపు చూడలేదు. చూస్తే మాట ఆగిపోతుందని ఆమెకు తెలుసు.

"నేర్పింది నా కొడుకు సార్. నిన్న గీ గదిలనే నేర్పిండు. నేను విన్న. మూగ పిల్లలను నా దగ్గర దాచిపెట్టిండు. నేను దాచిన, అది నా తప్పు. మీరు పోయినసారి నలభై ఏడు ఏసింది గూడ గీ జవాబులకే. అప్పుడు చదువు చెప్పేది కుక్క అన్నరు పోరగాండ్లు. మీరు తలకాయ ఊపిన్రు."

సారు ముఖం మీది రంగులు మారాయి. బయట గేటు దగ్గర జంపయ్య, జీవితంలో మొదటిసారి, చెప్పడానికి కథ లేక నిలబడ్డాడు.

ఆదెమ్మ కమ్లిని కోడలి పక్కకు తెచ్చింది. "గీ పిల్లకు ఎవ్వరూ ఏం నేర్పలే సార్. రెండేండ్ల నుంచి నోరిప్పలే. నా కోడలు ఇప్పించింది. మీరు ఫోన్ పట్టుకుని బయటికి పోయినంక."

ఎగ్జామినర్ సారు సంచి విప్పాడు. కాగితాల కట్ట తీశాడు, అందులోంచి శివ కాగితం పైకి వచ్చింది, తాను గీసిన గీత తనకే కనబడింది. చప్పున దాన్ని కిందకు తోశాడు. చివరికి కలం తీసి, ఈ పిల్ల ఇప్పుడు తన ఎదుట జవాబు చెబితే వనజకు మార్కులు వేస్తానన్నాడు. చెప్పకపోతే వంట మనిషి మాటలు పట్టించుకునేది లేదని, పిల్లలకు జవాబులు నేర్పిందని వనజ పేరు రాసి కాలేజీకి పంపిస్తానని అన్నాడు.

ఈ పిల్ల నోరు తెరవకపోతేనే ఆయనకు మేలు. ఆదెమ్మకు ఆ సంగతి ఆయన కళ్ళలోనే కనబడింది. మంచి వ్యక్తిత్వం అని గీత గీసిన చేయి అది.

వనజ కింద కూర్చుంది. కమ్లి ముఖానికి ఎదురుగా తన ముఖం పెట్టింది.

"పొద్దున బడికి వచ్చేటప్పుడు నీకు ఏం కనబడ్డది?"

తెలుగులో ఒకసారి. తండా మాటలో ఒకసారి. అంతే, ఊరుకుంది.

కమ్లి గుడ్డును ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చింది. సారు గడియారం చూశాడు. వనజ కదల్లేదు, తొందర పెట్టలేదు, తల కూడా ఊపలేదు.

అప్పుడు ఆదెమ్మకు గుసగుస వినబడింది. గుమ్మంలోంచి. శివ వంగి, పెదవులు సాగదీసి, కమ్లికి మాత్రమే కనబడేట్టు చెబుతున్నాడు.

"పులి అను. పులి. పులి అనవే."

పెళ్ళాన్ని గట్టెక్కించాలనో, ముంచాలనో, లేక ఎక్కడ జవాబు ఖాళీగా కనబడితే అక్కడ ఆ మాట కుక్కడమే వాడికి తెలిసిన చదువో. కన్నతల్లికే తెలియలేదు.

కమ్లి వాడి పెదవుల వైపు చూసింది. తర్వాత వనజ వైపు చూసింది. వనజకు గుసగుస వినబడింది, వినబడినట్టు ఆమె మెడ నరం చెప్పింది. అయినా వెనక్కి తిరగలేదు. అట్లాగే కూర్చుని ఉంది.

వంటగదిలోంచి అన్నం మాడుతున్న వాసన వచ్చింది. ఆదెమ్మ నిలబడ్డ చోటి నుంచి కదల్లేదు.

సారు కలానికి మూత పెట్టబోయాడు.

కమ్లి గుమ్మం వైపు చూడకుండా, వనజ కళ్ళలోకి చూస్తూ నోరు తెరిచింది.